టెంపరేచర్ గన్ నూనె వేడిని ఎందుకు తక్కువ చూపిస్తుంది?

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో మోటారు బేరింగ్ కాలుతోందేమో చూడటానికి మెకానిక్‌లు వాడే టెంపరేచర్ గన్ ఇప్పుడు వంటింటి దాకా వచ్చింది. మూకుడు మీదికి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కితే అర సెకనులో అంకె కనిపిస్తుంది. నూనెలో ఏదీ ముంచే పని లేదు, చేతులు కాలే భయం లేదు. ఇంత సులువుగా వస్తున్న అంకెను జనం అంతే సులువుగా నమ్మేస్తున్నారు. అక్కడే నాకు భయం. నూనెలో గోలించే పని దగ్గర ఈ గన్ చేసే తప్పులు దాదాపు అన్నీ ఒకే వైపు ఉంటాయి. నూనెలో ఉన్న వేడి కంటే తక్కువ చూపిస్తుంది. తక్కువ కనిపిస్తే ఎవరైనా మంట పెంచుతారు. కాబట్టి గన్ కొనేవాళ్లు దాని ధర కంటే ముందు దాని తప్పు ఎటు మొగ్గుతుందో తెలుసుకోవాలి.

ముందు అది ఏం కొలుస్తుందో చూద్దాం. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి కంటికి కనపడని పరారుణ కిరణాలను వదులుతూ ఉంటుంది. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎండను పట్టకం గుండా పంపి రంగులుగా విడదీశాడు. ఎరుపు రంగు దాటాక ఏమీ కనపడని చోట థర్మామీటర్ పెడితే అక్కడా పాదరసం పైకి ఎక్కింది. ఆ కనపడని కిరణాలే ఇవి. గన్ ముందుభాగంలో ఉండే చిన్న లెన్స్ వీటిలో 8 నుంచి 14 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడవున్న తరంగాలను పోగుచేసి లోపలి సెన్సర్ మీద పడేస్తుంది. సెన్సర్ ఎంత వేడెక్కిందో చూసి, ఎదుటి వస్తువు ఎంత వేడిగా ఉండి ఉంటుందో గన్ లెక్కగడుతుంది. వేడి పెరిగేకొద్దీ ఈ కిరణాలు చాలా వేగంగా పెరుగుతాయి. 35 డిగ్రీల గది గోడతో పోలిస్తే 180 డిగ్రీల నూనె నాలుగున్నర రెట్లకు పైగా కిరణాలు వదులుతుంది. అందుకే అంత చిన్న పరికరం దూరం నుంచే కొలవగలుగుతోంది.

అయితే ఒకే వేడిలో ఉన్న రెండు వస్తువులు ఒకేలా కిరణాలు వదలవు. ఈ గుణాన్ని ఎమిసివిటీ అంటారు. దీన్ని సున్నా నుంచి ఒకటి మధ్య అంకెగా చెబుతారు. వంటనూనెకు ఇది 0.95 చుట్టుపక్కల ఉంటుంది. నీళ్లకూ, పిండికీ, మనిషి చర్మానికీ కూడా కాస్త అటూ ఇటూగా అంతే. తక్కువ ధర గన్‌లలో 0.95నే మార్చడానికి వీల్లేకుండా పెట్టి అమ్ముతారు. నూనె వరకు అది సరిపోతుంది. చిక్కంతా మెరిసే లోహంతోనే. తోమి తళతళలాడుతున్న అల్యూమినియం గిన్నె ఎమిసివిటీ 0.1 కూడా ఉండకపోవచ్చు. అది తన వేడిని కిరణాలుగా దాదాపు వదలదు, చుట్టూ ఉన్న గోడల నుంచి, పైకప్పు నుంచి వచ్చే కిరణాలనే అద్దంలా తిప్పి పంపుతుంది. లెక్క వేసి చూస్తే, 35 డిగ్రీల గదిలో 180 డిగ్రీల వేడితో ఉన్న అలాంటి గిన్నెను గన్ 60 డిగ్రీల దగ్గర చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి గిన్నెను ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. రైస్ మిల్లులో మాత్రం ఈ ఇబ్బంది పెద్దగా రాదు, ఎందుకంటే మోటారు బాడీకి పెయింట్ వేసి ఉంటుంది. పెయింట్ ఎమిసివిటీ ఎక్కువ. అక్కడ బాగా పనిచేసిన గన్ ఇంట్లో స్టీలు కడాయి దగ్గర తేడా చూపించడానికి ఇదే కారణం. పాత ఇనుప మూకుడు నల్లగా, గరుకుగా ఉంటుంది కాబట్టి దాన్ని గన్ దాదాపు సరిగ్గానే చదువుతుంది.

లేజర్ చుక్క విషయంలో చాలామంది పొరపడతారు. తేటగా ఉన్న నూనె మీద గన్ పెడితే ఎర్ర చుక్క నూనె పైన ఆగదు, మూకుడు అడుగున కనిపిస్తుంది. అప్పుడు గన్ అడుగు వేడిని చూపిస్తోందని అనుకోవడం సహజం. కానీ లేజర్‌కూ కొలతకూ సంబంధం లేదు, అది గురి చూసుకోవడానికే. ఎర్ర కాంతి నూనె గుండా పోతుంది గానీ, గన్ పట్టే పరారుణ తరంగాలు నూనెలో కొద్ది లోతు కూడా దాటలేవు. కాబట్టి చుక్క అడుగున ఉన్నా, అంకె మాత్రం నూనె పైపొరదే. గాజు మూత సంగతీ ఇంతే. మూత గుండా పూరీ స్పష్టంగా కనిపిస్తున్నా గన్‌కు కనిపించేది మూత ఒక్కటే.

చుక్క ఎంత చిన్నగా ఉన్నా గన్ చూసే ప్రాంతం పెద్దది, అదీ దూరంతో పాటు పెరుగుతుంది. గన్ మీద 12:1 అని రాసి ఉంటే, 12 అంగుళాల దూరంలో అంగుళం వెడల్పు చోటును, 24 అంగుళాల దూరంలో రెండు అంగుళాల చోటును కలిపి సగటు చూపిస్తుందని అర్థం. పొయ్యికి దూరంగా నిలబడి చిన్న మూకుడు మీద గురిపెడితే నూనెతో పాటు గిన్నె అంచు కూడా ఆ చోటులోకి వచ్చేస్తుంది. అంచు మెరిసే స్టీలైతే అంకె తగ్గుతుంది. అదే నల్లటి ఇనుప మూకుడైతే, మంట పక్కల నుంచి ఎగసి అంచును కాలుస్తుంది కాబట్టి అంకె పెరగొచ్చు. గన్ ఎక్కువ చూపించే అవకాశం ఉన్న సందర్భాల్లో ఇదొకటి.

ఇక పైపొర సంగతి. నూనెకు వేడి కింది నుంచి అందుతుంది, పై నుంచి గాలిలోకి పోతుంది. కదపకుండా వదిలేసిన నూనెలో అడుగు ఒక వేడిలో, పైభాగం మరో వేడిలో ఉంటాయి. చిన్న బర్నర్ మీద వెడల్పాటి కడాయి పెడితే మధ్యలో ఒక వేడి, అంచుల్లో ఒక వేడి. నూనె చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉండి నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి మొదటి నిమిషాల్లో ఈ తేడా మరీ ఎక్కువ. పైగా నూనె నీటిలా నిదానంగా వేడెక్కే పదార్థం కాదు. ఒక కిలో నూనెను ఒక డిగ్రీ పెంచడానికి నీటికి పట్టే వేడిలో దాదాపు సగం చాలు. పైపొర 150 చూపించిందని ఫోన్ చూసుకుంటూ నిలబడితే నిమిషాల్లో పొగ వస్తుంది. గన్ వాడేవాళ్లు మరిచిపోకూడని పని ఒక్కటే చెప్పమంటే, ట్రిగ్గర్ నొక్కే ముందు పొడి గంటెతో నూనెను అడుగు దాకా నాలుగైదు సార్లు కలపమంటాను. కలిపిన వెంటనే చూపించే అంకెను నమ్మవచ్చు.

ఇదంతా పిండి వేయకముందు మాట. వాయి వేశాక పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. గోలించడం అంటే ప్రధానంగా పిండిలోని నీటిని ఆవిరిగా తరిమేయడమే. ఒక గ్రాము నీరు ఆవిరవ్వడానికి సుమారు 2,257 జౌళ్ల వేడి కావాలి. లీటరు నూనెలో వేసిన వాయి నుంచి 50 గ్రాముల నీరు పోయిందనుకోండి. ఆ వేడి మొత్తం నూనె నుంచే తీసుకుంటే నూనె 50, 60 డిగ్రీలు పడిపోవాలి. కింద మంట ఉంది కాబట్టి అంత పడదు. కానీ ఒకేసారి ఎక్కువ గారెలు వేస్తే నూనె ఎందుకు చల్లారుతుందో, అవి ఎందుకు నూనె పీల్చి మెత్తబడతాయో ఈ లెక్కలోనే ఉంది. మంట ఎంత ఇవ్వగలదో అంత నీటినే వాయిలో వేయాలి. కొంచెం కొంచెంగా వేయమని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే.

వాయి మధ్యలో గన్ పెడితే మాత్రం అది చూసేది నూనెను కాదు. పైన నురగ ఉంటుంది, బుడగల్లో నీటి ఆవిరి ఉంటుంది, తేలుతున్న బజ్జీ ఉంటుంది. నీరు ఉన్నంతసేపు బజ్జీ లోపల వేడి 100 డిగ్రీలు దాటదు. పై పెచ్చు దాటుతుంది గానీ నూనెను అందుకోదు. వీటన్నిటినీ కలిపి గన్ ఒక సగటు అంకె ఇస్తుంది. పైకి లేచే ఆవిరి కూడా కొన్ని కిరణాలను మింగేస్తుంది. నూనె 175లో ఉంటే గన్ పదుల డిగ్రీలు తక్కువ చూపించడం మామూలే.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక మిర్చి బండి అన్నతో ఈ విషయమే మాట్లాడాను. బజ్జీలు బయట నల్లబడుతున్నాయి, లోపల మిరపకాయ మగ్గట్లేదు. మంట ఎందుకు అంత పెట్టావని అడిగితే, "నూట నలభై అంటుంది గదన్నా, అందుకే పెంచిన" అన్నాడు. ఆ నూట నలభై నురగ మీద తీసిన అంకె. బజ్జీలన్నీ తీసేసి, నురగ ఆగాక, జాలిగంటెతో కలిపి చూస్తే 200 దాటింది. అతను చేసింది తెలివైన పనే, అంకె చూసి మంట సరిచేసుకున్నాడు. ఆ అంకె ఎప్పుడు తీయాలో అతనికి ఎవరూ చెప్పలేదు. గన్ పెట్టె మీద రాయలేదు, వీడియోల్లోనూ చెప్పరు.

ఇలా తక్కువ చూపించడానికి ఇంకా కారణాలున్నాయి. మూకుడు పైన లేచే నూనె తుంపర లెన్స్ మీద పలుచగా పేరుకుంటుంది. కంటికి కనపడనంత పొర కూడా కిరణాలను అడ్డుకుంటుంది. రోజంతా పొయ్యి పక్కనే ఉండే గన్ వారం తిరిగేసరికి మొదటి రోజు కంటే తక్కువ చూపిస్తుంటే అనుమానించాల్సింది ముందు లెన్స్‌నే. స్పిరిట్‌లో ముంచిన మెత్తటి దూదితో సున్నితంగా తుడవాలి. చీర కొంగుతోనో వంటింటి గుడ్డతోనో తుడిస్తే గీతలు పడతాయి. మరీ పక్కవాటుగా గురిపెట్టినా అంకె తగ్గుతుంది, ఏటవాలు చూపులో నూనె ఉపరితలం కిరణాలను ఎక్కువగా తిప్పికొడుతుంది. అలాగని నిట్టనిలువుగా పైనుంచి పట్టుకుంటే లెన్స్‌కు ఆవిరి తగులుతుంది. ఒక అడుగు దూరం నుంచి, కాస్త వాలుగా పట్టుకోవడమే సరైన పద్ధతి.

మన ఎండల సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ఈ గన్‌లు చాలావరకు 50 డిగ్రీల లోపు గాలిలో పనిచేయడానికి తయారైనవి. సెన్సర్ తన సొంత వేడితో పోల్చి లెక్కగడుతుంది కాబట్టి గన్ వేడెక్కిపోయినా, ఒక్కసారిగా చల్లబడినా లెక్క తప్పుతుంది. మే నెలలో నల్లగొండలో 45 డిగ్రీలు కాస్తున్నప్పుడు రేకుల షెడ్డులో, పొయ్యికి మూరెడు దూరంలో గన్‌ను రోజంతా ఉంచితే దాన్ని నమ్మడానికి లేదు. ఏసీ గదిలో నుంచి నేరుగా తెచ్చినా అంతే. ఒక ఇరవై నిమిషాలు వంటగది గాలికి అలవాటు పడనిచ్చి అప్పుడు వాడాలి.

గన్ సరిగ్గా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. స్టీలు గ్లాసు నిండా బాగా దంచిన ఐసు వేసి, కొంచెం నీళ్లు పోసి, రెండు నిమిషాలు కలిపి, దగ్గర నుంచి పైభాగాన్ని చూడండి. సున్నాకు రెండు డిగ్రీలు అటూ ఇటూ వస్తే గన్ బాగున్నట్టే. మరిగే నీళ్లతో పరీక్షించడం అంత మంచిది కాదు. ఆవిరి వల్ల ఎలాగూ తక్కువ చూపిస్తుంది. పైగా మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు 98 డిగ్రీలు దాటగానే మరుగుతాయి. వంద రాలేదని గన్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. చాలా గన్‌లకు కంపెనీలే రెండు శాతం తేడా ఉండొచ్చని రాస్తాయి. 180 దగ్గర అది మూడున్నర డిగ్రీలు. కాబట్టి 178కీ 181కీ మధ్య తేడా పట్టించుకోవాల్సిన పని లేదు. జ్వరం చూసే నుదుటి థర్మామీటర్లు కరోనా నాటి నుంచి చాలా ఇళ్లలో ఉన్నాయి. అవి ఒంటి వేడి పరిధిలోనే పనిచేస్తాయి, నూనెకు పనికిరావు.

సరే, ఎంత వేడి కావాలి? పూరీ పొంగాలంటే 185 చుట్టుపక్కల ఉండాలి. మిర్చి బజ్జీకి 175, గారెలకు 170, సకినాలకూ మురుకులకూ 160 నుంచి 170, అరిసెలకూ గారిజెలకూ ఇంకొంచెం తక్కువ. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు, పిండిని బట్టి మారతాయి. నా దృష్టిలో వీటికంటే ముఖ్యమైంది ఏ నూనెలో గోలిస్తున్నారన్నది. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు పల్లీలు బాగా పండుతాయి. కట్టె గానుగలో ఆడించిన పల్లి నూనె వాడకం మళ్లీ పెరుగుతోంది, అది మంచిదే. కానీ రిఫైన్ చేసిన పల్లి నూనె సుమారు 230 డిగ్రీల వరకు పొగ రాకుండా ఆగితే, గానుగ నూనె 160 దరిదాపుల్లోనే పొగ మొదలుపెట్టవచ్చు. వీడియోలో 185 చెప్పారని గానుగ నూనెను అంత కాచితే అది విరిగిపోయి, ఘాటెక్కి, రుచి పోతుంది. ఆ నూనెతో అరిసెలో గారిజెలో సన్నటి సెగ మీద దేవుకోండి, పూరీలకు వేరే నూనె పెట్టుకోండి. పైగా గన్ ఇరవై డిగ్రీలు తక్కువ చూపిస్తుంటే రిఫైన్డ్ నూనెలో కొంత వెసులుబాటు ఉంటుంది, గానుగ నూనెలో అసలు ఉండదు.

ఆలుగడ్డ చిప్స్ చేసేవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. పిండిపదార్థం ఎక్కువగా ఉన్నవాటిని 120 డిగ్రీలకు పైన గోలించినప్పుడు క్యాన్సర్‌కు కారణం కావచ్చని అనుమానిస్తున్న అక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. వేడి, ముదురు రంగు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. ఫ్రెంచ్ ఫ్రైస్‌కు నూనె 175 దాటనివ్వొద్దని యూరోపియన్ యూనియన్ 2017 నిబంధనల్లో చెప్పింది. ముదురు గోధుమ రంగు దాకా ఆగకుండా బంగారు రంగులోనే తీసేయడం ఇంట్లో చేయగలిగిన జాగ్రత్త.

గన్ చెప్పలేనిది ఇంకోటి ఉంది. నూనె తాజాదా, పదిసార్లు కాగినదా అన్నది దానికి తెలియదు. కాగిన ప్రతిసారీ నూనె విరిగి, పొగ వచ్చే వేడి కిందికి దిగుతుంది. నిన్న 180లో తేటగా ఉన్న నూనె ఇవాళ అదే 180లో పొగ కక్కవచ్చు. దేశంలో 2018 జులై 1 నుంచి అమలైన ఆహార భద్రత నిబంధన ప్రకారం, వాడిన నూనెలో మొత్తం పోలార్ పదార్థాలు (నూనె కాగి విరిగేకొద్దీ అందులో పెరిగేవి) 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడకూడదు. అది కొలిచే మీటర్లు వేరు. అలా పక్కన పెట్టిన నూనెను బయోడీజిల్ తయారీకి సేకరించే ఏర్పాటు కూడా అదే ఏడాది ఆగస్టులో మొదలైంది.

ఇన్ని చెప్పాక, పిండి ముద్ద వేసి చూసే పాత పద్ధతి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నా మటుకు అది ఇప్పటికీ పనికొచ్చే కొలతే. చిన్న ముద్ద అడుగుకు పోయి నెమ్మదిగా లేస్తే నూనె కాగలేదు, వేసీ వేయగానే బుడగలతో పైకొస్తే సరిపోయింది, క్షణాల్లో ఎర్రబడితే ఎక్కువైంది. ఆ ముద్ద నూనె లోపలికి పోయి వస్తుంది, గన్ పోదు. పైగా మనం గోలించబోయే పిండితోనే పరీక్ష జరుగుతోంది. లోటల్లా ఒక్కటే, చెయ్యి తిరిగినవాళ్లకు తెలిసినంతగా కొత్తవాళ్లకు ఆ తేడా తెలియదు. కాబట్టి కొత్తగా నేర్చుకుంటున్న కోడలో కొడుకో గన్ అంకెనూ ముద్ద తీరునూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం మంచిది. కొన్ని వాయిల్లోనే కన్ను అలవాటు పడుతుంది.

అసలు గన్ కొనాలా అంటే, ఇంట్లో పండక్కి మాత్రమే పిండివంటలు చేసేవాళ్లు గిన్నె అంచుకు తగిలించే పుల్ల థర్మామీటర్ కొనమంటాను. అది నూనె లోపలి వేడిని, వాయి మధ్యలో కూడా చూపిస్తూనే ఉంటుంది. దాని కొస అడుగుకు తగలకుండా నూనె మధ్యలో ఉండేలా పెట్టుకుంటే చాలు. బజ్జీ బండికీ, స్వీట్ హౌస్‌కూ గన్ పనికొస్తుంది. మూకుళ్లు నాలుగు ఉంటాయి, ప్రతి దానిలో పుల్ల పెట్టడం కుదరదు. అక్కడ వాయి తీశాక, నురగ తగ్గాక, కలిపి, గన్‌తో చూసి, నూనె మళ్లీ కాగిందనుకున్నాకే తర్వాతి వాయి వేయాలి. కురుమూర్తి జాతరలోనో చెరువుగట్టు జాతరలోనో కట్టెల పొయ్యి మీద బండెడు కడాయిలు పెట్టి ఖాజాలు, కారబూంది చేసేవాళ్లకు రెండూ ఉండాలని నా గట్టి అభిప్రాయం. కట్టెల మంటను నాబ్ తిప్పి తగ్గించలేం, ఎర్రటి నిప్పులు పొయ్యిలో ఉన్నంతసేపు నూనె వేడెక్కుతూనే ఉంటుంది. అక్కడ అంకె ఇరవై డిగ్రీలు తప్పితే దిద్దుకోవడానికి టైమ్ ఉండదు.

నూనె సన్నగా పొగ వదలడం మొదలుపెడితే గన్ ఎంత చూపిస్తున్నా లెక్కచేయకండి. వెంటనే మంట ఆపండి, కట్టెలైతే బయటికి లాగండి. 340 డిగ్రీలు దాటాక వంటనూనె నిప్పురవ్వ కూడా అవసరం లేకుండా తనంతట తానే అంటుకోగలదు. అంటుకుంటే నీళ్లు పోయకూడదు. నీళ్లు అడుగుకు దిగి ఒక్కసారిగా ఆవిరై మండుతున్న నూనెను పైకి చిమ్ముతాయి. గిన్నెకు సరిపడే ఇనుప మూతను పక్క నుంచి జరిపి కప్పండి, పూర్తిగా చల్లారేదాకా తీయకండి. ఆ మూతను పొయ్యి వెలిగించకముందే చేతికందేంత దూరంలో పెట్టుకోవాలి.